సొంత వ్యాపారం మొదలుపెట్టాలంటే: విజయవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యాపారం చేయాలని ఉంది, కానీ ఐడియా లేదు. ఎక్కడ వెతకాలి?

కొత్తది కనిపెట్టాలనే పట్టుదల ముందు వదిలేయండి. జనం ఇప్పటికే దేనికి డబ్బు ఇస్తున్నారో, ఇచ్చి కూడా దేనికి విసుక్కుంటున్నారో చూడండి. చిన్న వ్యాపారానికి గిరాకీ అక్కడే ఉంటుంది.

మీ ఇంటి నుంచి మూడు కిలోమీటర్ల లోపల రోజూ జనం గుమికూడే చోట్లు నాలుగు రాసుకోండి. గుంటూరు పెద్దాసుపత్రి దగ్గరైతే పల్లెల నుంచి వచ్చిన రోగుల బంధువులు ఉంటారు. వాళ్లకు వేడినీళ్లు కావాలి, రోగికి జావ, మెత్తటి అన్నం కావాలి, బట్టలు ఉతికించుకోవాలి, రాత్రి పడుకోవడానికి చాప కావాలి. విజయవాడలో కాలేజీలు, హాస్టళ్లు ఉన్న వీధుల్లో ఉతుకు, ఇస్త్రీ, జిరాక్సు, సాయంత్రం తిండి నడుస్తాయి. ఆటోనగర్‌లో వేలమంది మెకానిక్కులు, బాడీ బిల్డర్లు పనిచేస్తారు. మధ్యాహ్నం భోజనం, గుడ్డ వేస్టు, గ్లవుజులు, వెల్డింగ్ కళ్లద్దాలు వాళ్లకు రోజూ అవసరం.

రెండో దారి దుకాణదారులను అడగడం. వన్‌టౌన్‌లోనో, పట్నం బజారులోనో, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లోనో బేరాలు లేని మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వెళ్లండి. “ఏం అమ్ముతారు?” అని అడిగితే పొడిగా జవాబొస్తుంది. “జనం అడిగితే లేదని పంపించేసేది ఏంటండీ?” అని అడగండి. “హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో తెప్పించుకునేది, లేటయ్యేది ఏది?” అని కూడా అడగండి. ఇరవై దుకాణాల్లో అడిగితే ఒకే సరుకు పేరు మూడు నాలుగు చోట్ల వినిపిస్తుంది. దాన్ని పట్టుకోండి.

నా ఐడియా నడుస్తుందో లేదో పెట్టుబడి పెట్టకముందే తెలుసుకోవచ్చా?

పూర్తిగా తెలియదు, కానీ చాలావరకు తెలుస్తుంది. బంధువులను, స్నేహితులను అడిగితే అందరూ బాగుందనే అంటారు. బాగుందన్న మాటకు విలువ లేదు, ముందుగా చేతిలో పెట్టిన వంద రూపాయలకు ఉంది.

చోటును లెక్కపెట్టే పద్ధతి ఇది. దుకాణం పెట్టాలనుకున్న చోట సోమవారం, మధ్యలో ఇంకో పని దినం, ఆదివారం, ఇలా మూడు రోజులు నిలబడండి. ప్రతి గంటలో పావుగంటసేపు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఎంతమంది వెళ్లారన్నది ఒక గీత, అదే రకం దుకాణం ముందు ఎంతమంది ఆగారన్నది రెండో గీత, చేతిలో కవరుతో ఎంతమంది బయటికొచ్చారన్నది మూడో గీత. బెంజ్ సర్కిల్ లాంటి చోట మొదటి గీత పెద్దగా ఉంటుంది. బళ్ల మీద పోయేవాళ్లు ఆగరు కాబట్టి మూడోది చిన్నదైపోతుంది. అద్దె మాత్రం మొదటి గీతను చూసే అడుగుతారు. లోపలి వీధిలో, కూరగాయలకు నడిచి వెళ్లే దారిలో ఉన్న చిన్న గది చాలాసార్లు మెయిన్ రోడ్డు షాపు కంటే లాభం.

సరుకునైతే అమ్మి చూడాలి. పొడులు, పచ్చళ్లయితే పది కిలోలు చేసి తెలియని నలభై మందికి పూర్తి ధరకు అమ్మండి. నెలలో వాళ్లలో ఎంతమంది మీరు అడక్కుండానే మళ్లీ కొన్నారో చూడండి. పదిమంది దాటితే ముందుకెళ్లండి. ఇద్దరో ముగ్గురో అయితే రుచో, ధరో, ప్యాకెట్ సైజో ఎక్కడో తేడా ఉంది. మళ్లీ పది కిలోలతోనే సరిచూసుకోండి, మిషన్ జోలికి పోవద్దు.

గుంటూరులో ఉన్నాం కదా, కారం పొడి వ్యాపారం చేయవచ్చా?

చేయవచ్చు. మిర్చి యార్డు పక్కనే ఉండటం పెద్ద బలం, కానీ పోటీ కూడా ఇక్కడే ఎక్కువ. కాయను కొనడం తెలిసినవాడికే ఇందులో నాలుగు రూపాయలు మిగులుతాయి.

రకాల తేడా ముందు నేర్చుకోండి. తేజ సన్నగా ఉండి ఘాటు ఎక్కువ. 334 లాంటి సన్నం రకాల్లో ఘాటు మధ్యరకం. బ్యాడిగి కాయలో రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఒక్క తేజతో పట్టిస్తే ఇళ్లలో వాడలేరు. అందుకే రంగు కోసం ఒకటి, ఘాటు కోసం ఒకటి కలుపుతారు. మీ పాళ్లు ఒకసారి కుదిరాక కాగితం మీద రాసుకుని, ప్రతిసారీ తూచే కలపండి. ఈ నెల ప్యాకెట్ పోయిన నెల ప్యాకెట్‌లా లేకపోతే ఆ ఇంటివాళ్లు మళ్లీ రారు.

కొత్త పంట ఫిబ్రవరి నుంచి వేసవి దాకా యార్డుకు ఎక్కువగా వస్తుంది. తర్వాత దొరికేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ సరుకు. టిక్కీ అంటే సుమారు 40–45 కిలోల బస్తా. యార్డులో కొనుగోలు కమీషన్ ఏజెంట్ల ద్వారా జరుగుతుంది. ఒకటి రెండు టిక్కీలే కావాలంటే హోల్‌సేల్ దుకాణమే తేలిక. బస్తా పైన ఉన్న కాయ చూసి మోసపోకండి. మధ్యలోంచి, అడుగునుంచి గుప్పెడు తీయించండి. కాయను రెండు వేళ్లతో విరిస్తే ఫట్‌మని విరగాలి, చెవి దగ్గర ఊపితే గింజలు గలగలలాడాలి. వంగి సాగితే తేమ ఉన్నట్టు. మీరు డబ్బిచ్చేది నీళ్లకు, పైగా ఆ కాయ లోపల బూజు పడుతుంది. తెల్లబారిన తాలు కాయలు ఎన్ని ఉన్నాయో గుప్పెడులో లెక్కపెట్టండి.

ఇప్పుడు లెక్క. ఇక్కడి ధరలు ఉదాహరణకే, మీరు కొన్న రోజు ధరలు వేసుకోండి. కాయ కిలో 180 చొప్పున 100 కిలోలకు 18,000. బండి, హమాలీ 400. తొడిమలు తీయడానికి 1,000. మర ఖర్చు 1,000. మొత్తం 20,400. తొడిమ, తాలు, దుమ్ము, ఎండలో తగ్గే బరువు, మరలో పోయేది తీసేస్తే 88 కిలోల పొడి చేతికొచ్చిందనుకుందాం. అంటే కిలో 232 రూపాయలు పడింది. కాయ కొన్న 180నే పొడి ఖరీదు అనుకుని ధర పెట్టడంతోనే చాలామంది దెబ్బతింటారు. పావుకిలో పౌచ్, లేబుల్ కలిపి 4 రూపాయల చొప్పున కిలోకు 16 కలపండి, 248 అవుతుంది. పావుకిలో ఎమ్మార్పీ 100 పెట్టి, దుకాణానికి 20 శాతం మార్జిన్ ఇస్తే మీకు కిలోకు 320 వస్తుంది. మిగిలిన 72లో డెలివరీకి 10, వాపసుకు, చిరిగిన ప్యాకెట్లకు 8 తీసేయండి. కిలోకు 54, మొత్తం 88 కిలోలకు 4,752. మీ కూలి కూడా ఇందులోంచే రావాలి.

చెడేది ఎక్కువగా మర దగ్గర, ప్యాకింగ్ దగ్గర. మర ఆపకుండా గంటలకొద్దీ ఆడితే వేడెక్కి పొడి రంగు నల్లబడుతుంది, వాసన పోతుంది. కొంత ఆడించి ఆపి, మళ్లీ ఆడించాలి. వేడి పొడిని ఆత్రంగా ప్యాకెట్లలో పోస్తే లోపల చెమ్మపట్టి గడ్డలు కడుతుంది, నెలలో పురుగొస్తుంది. పరిచి, చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగండి. బయటికి కనిపించే పారదర్శక కవర్లు షాపులో అందంగానే ఉంటాయి, కానీ వెలుతురుకు రంగు వెలిసిపోతుంది. వెలిసిందని రంగు మాత్రం కలపొద్దు. అది నేరం, తినేవాళ్ల ఆరోగ్యంతో ఆట. పొడిలో తేమ 11 శాతం మించకూడదని ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. మొదటి రెండు మూడు బ్యాచ్‌లు గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

టిఫిన్ బండి పెడితే రోజుకు ఎన్ని ప్లేట్లు అమ్మాలి?

ఇదీ ఉదాహరణ లెక్కే. ప్లేటు 40 రూపాయలు, అందులో పిండి, నూనె, చట్నీలు, ఆకు కలిపి 18. ప్లేటుకు 22 మిగులుతుంది. ఇద్దరు మనుషులకు 1,000, గ్యాస్ 400, నీళ్లు, పార్సిల్ కవర్లు, చిల్లర ఖర్చులు 250. రోజుకు 1,650. దీన్ని 22తో భాగిస్తే 75 ప్లేట్లు. అక్కడికి ఖర్చు వచ్చినట్టే, మీకేమీ రానట్టే. మీ కూలి 800 అనుకుంటే ఇంకో 37 ప్లేట్లు, మొత్తం 112. ఉదయం మూడు గంటల్లో 112 ప్లేట్లంటే నిమిషంన్నరకో ప్లేటు. ఒకే పెనం మీద దోసెలు పోస్తే ఆ వేగం అందదు. ఇడ్లీ, పునుగులు ముందే సిద్ధంగా ఉంటేనే అందుతుంది. మెనూ పొడుగు పెంచడం కంటే రెండో పెనం కొనడం మేలు.

ఎండాకాలం పిండి దగ్గర జాగ్రత్త. చలికాలంలో పది గంటలకు పైగా పట్టే పులుపు మే నెలలో ఐదారు గంటలకే వచ్చేస్తుంది. సాయంత్రం ఆరింటికి రుబ్బి బయట పెడితే తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది, ఇడ్లీ పుల్లగా ఉంటుంది. రాత్రి పదకొండుకు రుబ్బండి, లేదా సగం ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు పొద్దున కలపండి.

ఇంటి గ్యాస్ సిలిండర్ బండి మీద వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండరే తీసుకోవాలి. వీధి వ్యాపారుల చట్టం 2014 ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు కోసం దరఖాస్తు పెట్టుకోండి. వీధి వ్యాపారులకు కేంద్రం ఇప్పించే పీఎం స్వనిధి అప్పుకు అవే ఆధారం.

చేతిలో ఎంత డబ్బు ఉండాలి?

మొదలుపెట్టే ఖర్చు ఎంతో, అంతకు తోడు ఆరు నెలల ఇంటి ఖర్చు. ఇంటి ఖర్చు గల్లాపెట్టెలోంచి తీయడం మొదలైతే సరుకు తగ్గుతుంది, సరుకు తగ్గితే బేరం తగ్గుతుంది. ఉన్న డబ్బు మొత్తాన్ని మొదటి రోజే సరుకులో, సామాన్లలో పెట్టేయొద్దు. మూడో వంతు విడిగా ఉంచండి. ఏది అమ్ముడుపోతుందో రెండో నెలలో తెలుస్తుంది. అప్పుడు దాన్ని ఎక్కువ ఎత్తడానికి ఆ డబ్బే పనికొస్తుంది.

షాపు అద్దెకు తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

ఆంధ్రప్రదేశ్‌లో లీజు ఎంత కాలానికైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చాలామంది 11 నెలల అగ్రిమెంటే రాస్తారు. అంత తక్కువ కాలం కొత్తవాళ్లకు ఒక రకంగా మంచిదే. కానీ ర్యాకులు, సీలింగ్, బోర్డులకు లక్షలు పోస్తే 11 నెలల తర్వాత ఓనర్ అడిగిన అద్దెకు తలొగ్గాల్సి వస్తుంది. విప్పి తీసుకెళ్లగలిగిన సామానే చేయించండి.

అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, రంగులకని ఎంత కోస్తారో కాగితంలో రాయించండి. కరెంటు మీటరు కమర్షియల్ కేటగిరీలో ఉందా, మీ ఫ్రిజ్‌కో మరకో లోడు సరిపోతుందా చూడండి. వానపడ్డ రోజున ఆ వీధికి వెళ్లండి. ఇది విజయవాడ వాళ్లకు మరీ ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ వైపు షాపైతే కింది అరలు ఖాళీగా ఉంచండి. షాపు ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు వరద నష్టం, లోపలి సరుకు విలువ రెండూ పాలసీలో ఉన్నాయా అని చదివి చూసుకోండి. గోడలకు మాత్రమే బీమా ఉండి సరుకుకు లేకపోతే ఏం లాభం?

ఏయే రిజిస్ట్రేషన్లు కావాలి?

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్లు అసలువి కావు. తినే సరుకైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు తప్పనిసరి, ఇంట్లో చేసినా సరే. చిన్నవాళ్లకు వర్తించే ప్రాథమిక రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలు. షాపు ఉంటే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాపుల రిజిస్ట్రేషన్. కాటా వాడితే తూనికలు కొలతల శాఖ ముద్ర.

ప్యాకెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, అన్ని పన్నులతో ఎమ్మార్పీ, తయారు చేసిన నెల, సంవత్సరం, ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఉండాలి. తిండి సరుకైతే పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ గుర్తు కూడా. పదివేల పౌచ్‌లు ప్రింట్ చేయించాక చిరునామా తప్పని తెలిస్తే మొత్తం చెత్తే. మొదటి 500 స్టిక్కర్లతో నడపండి.

జీఎస్టీ తీసుకోవాలా?

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాలు 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే తప్పనిసరి. కానీ ఒక మెలిక ఉంది, పచ్చళ్లు, పొడులు కొరియర్ చేసేవాళ్లు చాలామంది దాన్ని గమనించరు. సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే ఈ పరిమితి వర్తించదు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రమే. గుంటూరు నుంచి కూకట్‌పల్లికి కిలో గోంగూర పచ్చడి అమ్మినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే.

జీఎస్టీ తీసుకున్నాక అమ్మకం లేని నెలల్లోనూ అమ్మకం సున్నా అని చూపే నిల్ రిటర్న్ వేయాలి, మరిచిపోతే లేటు ఫీజు పెరుగుతూ పోతుంది. రాష్ట్రం లోపలే అమ్మే చిన్న వ్యాపారికి కాంపొజిషన్ స్కీం ఉంది. ఒకటిన్నర కోట్ల దాకా అమ్మకాల మీద వ్యాపారులకు, తయారీదారులకు 1 శాతం. ఆ స్కీంలో ఉన్నవాళ్లు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు, బయటి రాష్ట్రాలకు అమ్మకూడదు.

ఏ లోను మంచిది? సబ్సిడీ వస్తుందా?

చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర అప్పుల్లో శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. తరుణ్ అప్పు సరిగా తీర్చినవాళ్లకు 20 లక్షల దాకా ఇస్తారు. తాకట్టు అడగకూడదు. ముద్ర అంటే సబ్సిడీ కాదు, ప్రతి రూపాయీ తిరిగి కట్టాలి.

సబ్సిడీ కావాలంటే పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ ఉపాధి పథకం. తయారీకి 50 లక్షల దాకా, సేవలకు 20 లక్షల దాకా ప్రాజెక్టు. జనరల్ వాళ్లకు సబ్సిడీ ప్రాజెక్టు ఖర్చులో పట్టణంలో 15, గ్రామంలో 25 శాతం. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు వంటివారికి పట్టణంలో 25, గ్రామంలో 35 శాతం. మీ వాటా జనరల్‌కు 10, మిగతా వారికి 5 శాతం. కొత్త యూనిట్‌కే ఇస్తారు, ముందే మిషన్ కొనేసి వెళితే రాదు. సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని చూశాక అప్పులో కలుపుతారు. దాన్ని నమ్ముకుని మొదటి ఏడాది ఖర్చులు లెక్కవేసుకోవద్దు. దరఖాస్తు ఉచితం, పర్సంటేజీ ఇస్తే సబ్సిడీ ఇప్పిస్తామనే మధ్యవర్తికి రూపాయి కూడా ఇవ్వకండి.

డైలీ ఫైనాన్స్ తీసుకుంటే తప్పేంటి? కాగితాలు అడగరు కదా?

కాగితాలు అడగనిదానికి ఖరీదు వేరేగా కడతారు. పదివేలు రాసుకుని 1,500 పట్టుకుని 8,500 చేతిలో పెడతారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వినడానికి నూటికి పదిహేను అన్నట్టుంటుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి వెళ్లిపోతోంది, వంద రోజులూ 8,500 మీ దగ్గర ఉండదు. లెక్కవేస్తే నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటేనే ఆలోచిస్తారు, ఇది దానికి ఐదింతలు.

తెలిసినవాళ్లు అరువు అడుగుతారు. ఎలా?

ఇళ్లకు అరువు ఇవ్వక తప్పని వ్యాపారాలున్నాయి, పాలు, కిరాణా లాంటివి. మనిషికి ఒక హద్దు, నెలలో ఒక తేదీ పెట్టండి, పాతది తీరాకే కొత్తది. మొత్తం అరువు మీ వారం అమ్మకం దాటకూడదు, దాటితే మీరు హోల్‌సేలర్‌కు అరువు పడతారు.

పెద్ద కంపెనీలకు, హోటళ్లకు సరఫరా చేసే చిన్న తయారీదారులకు ఒక రక్షణ ఉంది. చిన్న పరిశ్రమల కోసం చేసిన ఎంఎస్ఎంఈ చట్టం 2006 ప్రకారం ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోగా చెల్లించాలి, లేకపోతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. సరుకు పంపకముందే ఉద్యమ్ నంబరు ఉండాలి, దాన్ని ప్రతి బిల్లు మీద వేయండి.

స్నేహితుడితో కలిసి పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కాగితం రాసుకుంటే. ఎవరు ఎంత పెట్టారు, ఎవరు షాపులో కూర్చుంటారు, కూర్చున్నందుకు జీతమెంత, విడిపోతే సరుకుకు విలువ ఎవరు కడతారు అన్నవి తప్పక ఉండాలి. జీతం మాట రాయకపోవడం వల్లే ఎక్కువ గొడవలు. ఒకరు పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చుంటారు, ఇంకొకరు డబ్బు మాత్రమే పెడతారు, లాభం మాత్రం సగం సగం. ఈ భాగస్వామ్య పత్రం (డీడ్) రాశాక సంస్థను రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని సంస్థ, రావాల్సిన బాకీ కోసం కోర్టులో దావా వేయలేదు.

ఉద్యోగం ఎప్పుడు మానేయాలి?

వరసగా మూడు నెలలు మీ జీతంలో సగం వ్యాపారం నుంచి మిగిలాక. అంతకుముందు సాయంత్రాలు, ఆదివారాలు సరిపోతాయి.

నడవకపోతే ఎప్పుడు ఆపాలి, ఎలా మూయాలి?

మొదలుపెట్టే రోజే ఒక అంకె రాసి పెట్టుకోండి. ఇంతకు మించి పోతే ఆపేస్తాను అని. ఇంట్లో వాళ్లకు కూడా ఆ అంకె తెలియాలి. దసరా, సంక్రాంతి బేరాలను చూసి నిర్ణయం మార్చుకోకండి, ఆ నెలలు తీసేసి మిగతా వాటి సగటు చూడండి.

ఆపాలనుకున్నాక ముందు సరుకు కొనడం ఆపండి, తర్వాత అరువులు వసూలు చేయండి. మూసేస్తున్నట్టు బయట తెలిస్తే బాకీదారులు తప్పించుకు తిరుగుతారు. అగ్రిమెంట్‌లో ఉన్నంత నోటీసు ఓనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అడ్వాన్స్ రసీదు చేతిలో ఉంచుకోండి. షట్టర్ దించేసినంత మాత్రాన జీఎస్టీ ఆగదు. రద్దుకు దరఖాస్తు పెట్టి, రద్దయిన మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్న్ వేయాలి. కరెంటు మీటరు రీడింగ్‌ను ఖాళీ చేసే రోజున ఓనర్ ముందే ఫోటో తీసుకోండి.